పండుటాకుల బాటలో వెలుగు



చిత్రపటాన్ని చూడటం వేరు, చదవటం వేరు. ఈ వారం మనం ఒక చిత్రాన్ని కలసి చదువుదాం. దాని పేరు "శరత్కాలంలో పోప్లర్ చెట్ల బాట". హాలెండు చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో 1884 అక్టోబరు చివరలో నూనెన్ గ్రామంలో దీనిని చిత్రించాడు. ఎత్తు సుమారు 99, వెడల్పు 66 సెంటీమీటర్లు. నేడు ఇది ఆమ్‌స్టర్‌డామ్‌లోని వాన్ గో మ్యూజియంలో ఉన్నది.

అప్పటికి విన్సెంట్ వయస్సు 31. కతోలికులు ఎక్కువగా ఉన్న ఆ ప్రాంతంలో ఆయన తండ్రి చిన్న ప్రొటెస్టంట్ సంఘానికి కాపరి. విన్సెంట్ కూడా 1879లో బెల్జియం బొగ్గుగని కార్మికుల మధ్య సువార్త బోధించినవాడే.

మన ప్రాంతంలో ఆకులు రాలేది శిశిరంలో, మాఘ ఫాల్గుణ మాసాల్లో. అక్కడ అక్టోబరులోనే మొదలవుతుంది. చిత్రంలో బాటకు ఇరువైపులా ఎత్తైన చెట్లు, పసుపుపచ్చని ఆకులు, నేలపై మానుల నీడలు. నల్లని దుస్తుల్లో ఒక స్త్రీ. బాట చివర ఒక ఇల్లు.

అందానికి మూడు లక్షణాలు కావాలని పునీత తోమాస్ అక్వినాస్ వారు బోధించారు: సంపూర్ణత, పొందిక, ప్రకాశం. ఆకులు రాల్చుకొంటున్న చెట్టుకు సంపూర్ణత ఎక్కడిదని మీరు అడగవచ్చు. సంపూర్ణత అంటే అన్నీ ఉండటం కాదు, ఉండవలసినది ఉండటం. చలికాలంలో నీటిని కాపాడుకోవటానికే చెట్టు ఆకులను విడుస్తుంది. అది లోపం కాదు, చెట్టు ధర్మం. ఇక పొందిక: చెట్లు ఎంత ఎత్తుగా ఉన్నా ఆ చిన్న మనిషిని మింగివేయవు, బాట మన చూపును ఇంటివరకు నడిపిస్తుంది.

మూడవది ప్రకాశం. ఎండ ఎక్కడ పడుతున్నదో గమనించండి: నేలరాలిన ఆకుల మీద! ఆకు పండినపుడు ఆ పసుపు బయటినుండి వచ్చినది కాదు. ఆకుపచ్చదనం తొలగిపోగా, లోపల ముందునుండి ఉన్న పసుపే కంటికి కనబడుతుంది.

మన భాషలో వృద్ధులను పండుటాకులంటాం. బలం, సంపాదన అనే పచ్చదనం పోయినవారిలో ఏమి మిగిలిందని లోకం అడుగుతుంది. దాగి ఉన్నది కనబడే కాలం అదేనని ఈ చిత్రం జవాబిస్తుంది.

అయితే ఆకులపై వెలుగును చూడటం తేలిక, ఇంటిలోని మనిషిలో చూడటం కష్టం. విన్సెంట్‌కు, తండ్రికి తరచూ మాటపట్టింపులు వచ్చేవి. ఈ చిత్రం వేసిన ఐదు నెలలకే, 1885 మార్చిలో, ఆ తండ్రి హఠాత్తుగా కన్నుమూశారు.

మీ ఇంటిలో ఒక పండుటాకు ఉంటే, ఈ ఆదివారం ఒక గంట ప్రక్కన కూర్చోండి. సలహా చెప్పకండి, తొందరపెట్టకండి. ఒక మంచి చిత్రాన్ని చూసినట్లు నెమ్మదిగా చూడండి, వినండి. వెలుగు ఎక్కడ పడుతున్నదో మీకే కనబడుతుంది.