గరిష్ఠ వర్షపాతపు పునరావృత కాలం: అర్థం, అన్వయం

సేద్యపు కుంటకు అలుగును, పొలానికి మురుగు కాలువను రూపొందించేటప్పుడు సగటు వర్షపాతం ఆధారం కాజాలదు. కట్టను తెంచేది ఒక్కరోజు కుండపోత వానే. అందువల్ల ప్రతి సంవత్సరపు ఒకరోజు గరిష్ఠ వర్షపాతాన్ని మాత్రమే ఎంపిక చేసి, అంత్య విలువల గణాంక పద్ధతిలో విశ్లేషిస్తారు. ఇందుకు గంబెల్ విభాజనం విరివిగా వాడుకలో ఉంది.

తొలి అంచనాకు ఈ విలువలను అవరోహణ క్రమంలో అమర్చాలి. సంవత్సరాల సంఖ్యకు ఒకటి కలిపి, వరుస సంఖ్యతో భాగిస్తే పునరావృత కాలం లభిస్తుంది. 24 సంవత్సరాల వివరాలుంటే మొదటి విలువకు ఇది 25 సంవత్సరాలు. ఐదవ విలువకు 5 సంవత్సరాలు.

అయితే 25 సంవత్సరాల పునరావృత కాలం గల వర్షం ఈ ఏడాది కురిస్తే మరో 24 ఏళ్లు రాదని భావించడం పొరపాటు. ఏ సంవత్సరంలోనైనా దాని సంభావ్యత 4 శాతమే. ఒక ఏడాది గరిష్ఠం మరో ఏడాదిపై ఆధారపడదనుకుంటే, 25 సంవత్సరాలూ అది రాకుండా ఉండే సంభావ్యత 0.96 యొక్క 25వ ఘాతం, అనగా 0.36. కనుక 25 ఏళ్లు మన్నవలసిన కట్టడం ఆ వర్షాన్ని కనీసం ఒకసారి ఎదుర్కొనే అవకాశం 64 శాతం. 100 సంవత్సరాల వర్షానికి రూపొందిస్తే, అంతకు మించిన వానను చూసే అవకాశం 22 శాతానికి తగ్గుతుంది.

కాబట్టి కట్టడపు ఆయుష్షునే పునరావృత కాలంగా స్వీకరించరాదు. కట్ట తెగితే దిగువ పొలాలకు, ఇళ్లకు వాటిల్లే నష్టాన్ని బట్టి దానిని నిర్ణయించాలి.