కరెంటు పోయినా హోంవర్క్ ఆగకుండా...



గత నెల మా క్లాసులో ఒక పాప వర్క్‌షీట్ చేయలేదు. అడిగితే, "రాత్రి కరెంటు పోయింది మేడమ్. సిగ్నల్ కోసం నాన్నతో గట్టు మీదికి వెళ్తే వాన వచ్చేసింది" అంది. అందుకే ఈ నెల ఈ చిన్న పాఠం మీకు.

1. నెట్‌వర్క్: మన అరకులో కొండ మలుపు తిరిగితే సిగ్నల్ మారిపోతుంది. సిమ్ కొనే ముందు, ఆ నెట్‌వర్క్ ఉన్న బంధువుల ఫోన్‌తో, మీ పిల్లలు చదువుకునే చోటే, సాయంత్రం వేళ ఒక వీడియో పెట్టి చూడండి.

2. ధర: 28 రోజుల ప్లాన్ అంటే ఏడాదికి 12 కాదు, 13 రీచార్జ్‌లు. ధరను రోజులతో భాగించి పోల్చండి. ఈ లెక్క పిల్లల చేతే చేయించండి.

3. నంబర్: అదే నంబర్‌తో కంపెనీ మారవచ్చు. ప్రస్తుత కంపెనీలో 90 రోజులు పూర్తయి ఉండాలి. ఇంగ్లీషులో 'పోర్ట్' అని, ఖాళీ వదిలి, మీ నంబర్ టైప్ చేసి 1900కు మెసేజ్ పంపండి. వచ్చిన కోడ్‌ను కొత్త కంపెనీ షాపులో చూపించండి.

4. కరెంటు పోతే: టవర్ కొంతసేపే బ్యాటరీ మీద నడుస్తుంది. 2014 హుద్‌హుద్ తుపానులో విశాఖలోనే ఫోన్లు మూగబోయాయి. కాబట్టి కరెంటు పోగానే ముందు హోంవర్క్ డౌన్‌లోడ్ చేసుకోండి. సిగ్నల్ పూర్తిగా పోతే ఫ్లైట్ మోడ్ పెట్టండి. సిగ్నల్ వెతికే ఫోన్‌కు ఛార్జింగ్ త్వరగా దిగిపోతుంది.

ఇవేవీ కుదరకపోతే డైరీలో ఒక్క ముక్క రాసి సంతకం పెట్టండి. మర్నాడు క్లాసులోనే చేయిస్తాం. చీకట్లో పిల్లల్ని గట్టెక్కించకండి.