కొండ గోడ మీద ఒక గీత

పిల్లలూ! మీలో చాలామంది తిరుమల కొండ ఎక్కే ఉంటారు. బస్సులో పోయిన వాళ్ళు కిటికీ పక్క సీటు కోసం పోట్లాడుకొనీ ఉంటారు. ఆ కిటికీలోంచి ఏం చూశారు? లోయలు, కోతులు, కింద బొమ్మరిళ్ళలా కనిపించే తిరుపతి ఇళ్ళు. బాగుంది. అయితే రెండోవైపు, కొండ గోడను చూశారా? అసలు వింత అక్కడే ఉంది. దాన్ని నేను కూడా చాలా ఏళ్ళు చూడలేదు. తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి నాకు చూపించింది.

ఆ ఏడు మా బడి పిల్లల్ని ఒక్కరోజు ప్రయాణంగా కొండకు తీసుకువెళ్ళాను. అలిపిరి దగ్గర బస్సు ఆగినప్పుడు ఆ అమ్మాయి తల బయటపెట్టి కొండను చూసి అడిగింది: "సార్, కింద రాళ్ళు గుండుగుండుగా ఉండాయి, పైన మాత్రం గోడ కట్టినట్టు ఉంది. రెండూ ఒకే కొండేనా?"

"ఒకే కొండేనమ్మా. ఎండకూ వానకూ అలా అయింది" అన్నాను. ఆ జవాబు తప్పు. ఇంటికి వచ్చి భూగర్భ శాస్త్రం పుస్తకం తిరగేస్తేగాని నా తప్పు నాకు తెలియలేదు. సోమవారం నాడు తరగతిలో ఒప్పుకొని సరిదిద్దుకున్నాను. ఆ రోజు చెప్పిన పాఠమే ఇప్పుడు మీకూ చెబుతాను. రండి, బస్సెక్కుదాం.

దారిలో చిన్న లెక్క

తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది. ఇప్పుడు దాని మీదుగా కిందికి దిగుతారు. పైకి ఎక్కేది తరువాత వేసిన రెండో రోడ్డు. దూరం సుమారు 18 కిలోమీటర్లు. తిరుపతి సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తులో ఉంటే, తిరుమల సుమారు 850 మీటర్ల ఎత్తులో ఉంది. అంటే దాదాపు 700 మీటర్లు ఎక్కుతాం.

ఎక్కేటప్పుడు చెవులు 'టప్' మంటాయి కదా! పైకి పోయేకొద్దీ గాలి పీడనం తగ్గుతుంది. కర్ణభేరి లోపలి గాలి పీడనం మాత్రం వెంటనే తగ్గదు. మింగినప్పుడు చెవినీ గొంతునూ కలిపే సన్నని గొట్టం తెరుచుకొని రెండు పీడనాలూ సమానమవుతాయి. చలి సంగతీ అంతే. 1000 మీటర్ల ఎత్తుకు సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ చొప్పున ఉష్ణోగ్రత తగ్గుతుంది. 700 మీటర్లకు ఎంతో మీరే గుణించండి.

కింద గుండ్లు, పైన గోడ

ఇప్పుడు అమ్మాయి అడిగిన ప్రశ్నకు వద్దాం. కొండ అడుగున ఉన్నది గ్రానైట్, దాని జాతి రాళ్ళు. గ్రానైట్ అగ్నిశిల. భూమి లోపల, కిలోమీటర్ల లోతున, కరిగిన రాతిద్రవం మెల్లగా చల్లారితే ఏర్పడుతుంది. మెల్లగా చల్లారడం వల్లనే దానిలో కంటికి కనిపించేంత పెద్ద స్ఫటికాలు ఉంటాయి. మీ ఇంటి గడప రాయి గ్రానైట్ అయితే దగ్గరగా చూడండి. మెరిసే క్వార్ట్జ్, తెల్లగానో గులాబీరంగుగానో ఉండే ఫెల్డ్‌స్పార్, నల్లటి అభ్రకం పలుకులు కనిపిస్తాయి.

వాననీరు తగిలి ఫెల్డ్‌స్పార్ క్రమంగా బంకమన్నుగా మారిపోతుంది. రాతిలో పగుళ్ళు అడ్డంగా నిలువుగా ఉంటాయి కనుక అది ముందు పెట్టెల్లా చీలుతుంది. పెట్టె మూలకు మూడు వైపుల నుంచి నీరు తగులుతుంది, అంచుకు రెండు వైపుల నుంచి, ముఖానికి ఒకే వైపు నుంచి. అందుచేత మూలలే ముందు అరుగుతాయి. పెట్టె గుండు అవుతుంది. రాయలసీమలో, తెలంగాణలో మనం చూసే గుండ్రాళ్ళ కథ ఇదే.

పైన ఉన్న ఎర్రటి గోడ క్వార్ట్‌జైట్. అది ఒకప్పటి ఇసుక. సముద్రం అంచున పొరలు పొరలుగా పేరుకొని, బరువుకు నలిగి, రేణువులన్నీ అతుక్కుపోయి గట్టిరాయి అయింది. దానిలో ఉన్నది దాదాపు అంతా క్వార్ట్జే. క్వార్ట్జ్ మీద వాననీటి ప్రభావం చాలా తక్కువ. కాబట్టి ఈ రాయి గుండ్రంగా అరగదు. నిలువు పగుళ్ళ వెంట పలకలుగా విరిగి పడుతుంది. విరిగిన చోట నిటారు గోడ మిగులుతుంది.

చూశారా! ఎండ ఒకటే, వాన ఒకటే. రాయి మాత్రం ఒకటి కాదు. నా జవాబులో ఉన్న తప్పు అదే.

పోయిన పేజీలు

ఇంతకన్నా పెద్ద వింత ఆ రెండు రాళ్ళూ కలిసే చోట ఉంది. గ్రానైట్ పై అంచున, క్వార్ట్‌జైట్ మొదలయ్యే దగ్గర, గోడ మీద గీత గీసినట్టు ఉంటుంది. ఘాట్ రోడ్డు పక్కన భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ ఈ గీతను జాతీయ భూవిజ్ఞాన స్మారక స్థలంగా ప్రకటించింది. దీని పేరు 'ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ'. మనం 'పొంతన కుదరని చోటు' అనుకుందాం.

ఎందుకు పొంతన కుదరదు? ఆలోచించండి. గ్రానైట్ పుట్టింది భూమి లోతున. ఇసుక పేరుకొనేది భూమి పైన. లోతున ఉన్న రాయి మీద ఇసుక నేరుగా ఎలా వచ్చి చేరింది? ఒకటే దారి ఉంది. ఇసుక రాకముందే గ్రానైట్ మీదున్న కిలోమీటర్ల మందం రాయి అంతా అరిగి కొట్టుకుపోయి ఉండాలి. గ్రానైట్ బయటపడి, ఎండకు ఎండి, వానకు తడిసి, అదీ కొంత అరిగిపోయి ఉండాలి. ఆ తరువాతే సముద్రం వచ్చి దాని మీద ఇసుక పరచింది.

దీనికి సాక్ష్యం ఉందా? ఉంది. ఈ ప్రాంతపు గ్రానైట్‌లో అక్కడక్కడ నల్లటి రాతి బారులు కనిపిస్తాయి. వాటిని డోలరైట్ డైకులు అంటారు. గ్రానైట్ పగుళ్ళలోకి రాతిద్రవం చొచ్చుకువచ్చి గడ్డకట్టగా ఏర్పడినవి. చొచ్చుకువచ్చింది కనుక డైకు గ్రానైట్ కన్నా చిన్నది. అయితే ఆ బారులు పై పొరల్లోకి పోకుండా గీత దగ్గరే తెగిపోతాయి. అంటే అవి కూడా అరిగాకే ఇసుక వచ్చిందన్నమాట. కత్తి పెట్టని హత్య కేసులో సాక్షులు లేకపోయినా ఆనవాళ్ళు ఉన్నట్టు, రాతిలో ముందూ వెనకా ఇలా తేలుతుంది.

కాలం ఎంతో తెలిసేదెట్లా? రాళ్ళలోని యురేనియం వంటి రేడియోధార్మిక మూలకాలు ఒక నిర్ణీత వేగంతో సీసంగా మారుతుంటాయి. యురేనియం-238 సగం తగ్గడానికి సుమారు 447 కోట్ల ఏళ్ళు పడుతుంది. ఎంత మారిందో కొలిస్తే రాయి వయస్సు తెలుస్తుంది. ఇక్కడి గ్రానైట్ వయస్సు సుమారు 250 కోట్ల ఏళ్ళు. పైనున్న క్వార్ట్‌జైట్ వయస్సు 160 కోట్ల ఏళ్ళకు పైమాటే. ఎంత తక్కువ వేసుకున్నా మధ్యలో 50 కోట్ల ఏళ్ళ కథ కనబడదు. పుస్తకంలోంచి పేజీలు చించేస్తే కుట్టు మాత్రం మిగిలినట్టు, ఆ గీత మిగిలింది.

50 కోట్ల ఏళ్ళంటే ఎంత? ఏడాదికి 1 మిల్లీమీటరు చొప్పున గీత గీద్దాం. నిండు మనిషి జీవితం 70 మిల్లీమీటర్లు, అంటే ఒక పచ్చిమిరపకాయ పొడవు. వెయ్యేళ్ళ చరిత్ర 1 మీటరు. 50 కోట్ల ఏళ్ళు 500 కిలోమీటర్లు! తిరుపతిలో మొదలుపెడితే దాదాపు హైదరాబాదు దాకా గీయాలి. కొండ గోడ మీద దాని మందం మాత్రం మీ అరచేతితో మూసేయవచ్చు.

ఇలాంటి గీత అర్థాన్ని మొదట బాగా పట్టుకున్నవాడు జేమ్స్ హట్టన్. 1788లో స్కాట్లండ్ తీరాన సిక్కార్ పాయింట్ అనే చోట నిటారుగా లేచిన పాత పొరల మీద ఎర్ర ఇసుకరాయి పొరలు పరచుకొని ఉండటం మిత్రులకు చూపించాడు. భూమి వయస్సు కొన్ని వేల ఏళ్ళేనని చాలామంది నమ్మే రోజులవి. ఈ తిరుమల పొరలు చేరిన కడప శిలల గురించి విలియం కింగ్ అనే భూవిజ్ఞాని రాసిన పెద్ద నివేదిక 1872లో వెలువడింది.

గీత వల్ల మనకేమిటి?

క్వార్ట్‌జైట్ పగుళ్ళలోంచి వాననీరు కిందికి దిగుతుంది. అడుగున గ్రానైట్ అడ్డుపడితే పక్కకు తిరిగి ఊటగా బయటికి వస్తుంది. కొండ వాలులో ఎండాకాలంలో కూడా కొన్నిచోట్ల చెమ్మ ఉండటానికి ఇది ఒక కారణం.

అవే పగుళ్ళు ప్రమాదం కూడా తెస్తాయి. 2021 నవంబరులో చిత్తూరు, కడప ప్రాంతాల్లో కుంభవృష్టి కురిసింది. డిసెంబరు 1న పైకి వెళ్ళే ఘాట్ రోడ్డు మీద పెద్ద బండలు విరిగిపడి రోడ్డు దెబ్బతిన్నది. కొండకు కోపం వచ్చి కాదు. నీరు పగుళ్ళలో నిండి రాతిని తోసింది, పట్టు వదిలిన పలక జారింది. ఏ పగులు ఎటు వాలి ఉందో ముందే చదవగలిగితే ఎక్కడ వలలు కట్టాలో, ఎక్కడ గోడ కట్టాలో తెలుస్తుంది. రాతిని చదవడం కేవలం పరీక్ష కోసం కాదు పిల్లలూ, ఆ బస్సులో మీరూ నేనూ కూర్చుంటాం.

కొండ మీద చక్రతీర్థం దగ్గర శిలాతోరణం ఉంది. సుమారు 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉన్న ఈ రాతి ద్వారాన్ని ఎవరూ చెక్కలేదు. మెత్తని భాగాలు అరిగిపోయి గట్టి భాగం మిగిలింది. ఇదీ భూవిజ్ఞాన స్మారకమే. దాని పొరలను వేలితో లెక్కపెట్టండి గాని, పేర్లు చెక్కకండి. చెక్కిన రాయి మళ్ళీ అతుక్కోదు.

చేసి చూడండి

ఒక ప్లాస్టిక్ సీసా పై భాగం కోసివేయండి. అడుగున నాలుగు వేళ్ళ మందం బంకమట్టి అదమండి. చీపురుపుల్లతో సీసా గోడను ఆనుకొని నిలువు చీలిక చేసి, బొగ్గుపొడి కూరండి. అది డైకు. రెండు రోజులు ఆరనిచ్చి, పై భాగాన్ని చెంచాతో ఎగుడుదిగుడుగా గీకివేయండి. ఆ పైన నీరు పోసి, గుప్పెడు ఇసుక వేసి తేరుకోనివ్వండి. మరునాడు ఎర్రమట్టి, ఆ మరునాడు మళ్ళీ ఇసుక. ఇప్పుడు సీసాను పక్కనుంచి మీ తమ్ముడికో చెల్లెలికో చూపించి, ఏది ముందు జరిగిందో చెప్పమనండి. చెంచాతో గీకినది వాళ్ళు కనిపెడతారేమో చూడండి.

ఆలోచించండి

1. క్వార్ట్‌జైట్ పొరల్లో చేప ఎముకలు ఎందుకు దొరకవు?
2. ఒక డైకు గ్రానైట్‌నూ క్వార్ట్‌జైట్‌నూ రెండింటినీ కోస్తే దాని వయస్సు గురించి ఏం చెప్పగలరు?
3. మీ ఊరికి దగ్గర గుట్ట గుండ్రాళ్ళదా, గోడలదా? ఎందుకు?

ఘాట్ రోడ్డులో బండి ఆపడం, దిగడం ప్రమాదం. కిటికీలోంచే చూడండి. అలిపిరి దగ్గర నిలబడి చూసినా గుండ్లూ గోడా రెండూ కనిపిస్తాయి. చూసినప్పుడు మీ ఉపాధ్యాయుణ్ణి ప్రశ్న అడగండి. ఆయన వెంటనే జవాబు చెప్పలేకపోతే ఏమీ అనుకోకండి. సోమవారం దాకా గడువివ్వండి.