ఖరగ్‌పూర్ పేరులో కనిపించని గుర్తు: ఎడిటర్‌లో కోడ్ ఎందుకు చెడిపోతుంది?

బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచి తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన రైల్వే పట్టణం ఖరగ్‌పూర్. పశ్చిమ బెంగాల్‌లోని ఈ ఊరి పేరును పైథాన్ భాషలో ఇలా రాయవచ్చు:

పేరు = "ఖరగ్‌పూర్"

2008లో విడుదలైన పైథాన్ 3 నుంచి చలరాశుల పేర్లు తెలుగులోనూ ఉండవచ్చు. కాబట్టి ఇది పనిచేసే కోడే. కానీ వెబ్ పేజీలో వ్యాసాలు రాసే ఎడిటర్‌లో దీన్ని అతికించి, తిరిగి కాపీ చేసుకుంటే ఒక్కోసారి పనిచేయదు. ఎందుకంటే ఆ ఎడిటర్ మనుషులు చదివే వచనం కోసం తయారైంది. కంప్యూటర్‌కు మాత్రం ప్రతి గుర్తూ ఒక సంఖ్య.

మొదటి చిక్కు కొటేషన్ గుర్తులది. నిటారు గుర్తు యూనికోడ్ సంఖ్య 34. అందం కోసం ఎడిటర్ దాన్ని వంపు గుర్తులుగా మారిస్తే, అవి 8220, 8221 అవుతాయి. పైథాన్ వాటిని అంగీకరించదు.

రెండోది ఖాళీలది. వెబ్ పేజీ మామూలు పేరాలో వరుస ఖాళీలన్నిటినీ ఒకటిగా చూపుతుంది. పైథాన్‌లో వాక్యం ముందున్న ఖాళీలకు అర్థం ఉంది. అవి పోతే ప్రోగ్రామే మారిపోతుంది.

మూడోది తెలుగుకు సంబంధించినది. "ఖరగ్‌పూర్"లో కంటికి ఐదు అక్షరాలే కనిపిస్తాయి. పైథాన్ తొమ్మిది లెక్కిస్తుంది. గుణింత గుర్తు, పొల్లులు విడివిడిగా లెక్కకు వస్తాయి. వాటితోపాటు గ్, పూ కలిసి ఒత్తుగా మారకుండా ఆపే, కంటికి కనిపించని 8204 సంఖ్య గల గుర్తూ ఉంది. ఎడిటర్ దాన్ని తొలగిస్తే ఆ పేరు "ఖరగ్పూర్" అవుతుంది. లెక్క ఎనిమిదికి తగ్గుతుంది. పదం చివర అదే గుర్తు అదనంగా చేరితే కంటికి ఏ తేడా తెలియదు. కానీ స్టేషన్ల జాబితాలో వెతికినప్పుడు ఆ పేరు దొరకదు.

అందుకే కోడ్‌ను మామూలు పేరాగా కాక, ఎడిటర్‌లోని కోడ్ బ్లాక్‌లో ఉంచాలి. అక్కడ ఖాళీలు అలాగే నిలుస్తాయి. కొటేషన్లను మార్చే సదుపాయాన్ని ఆపివేయాలి. అతికించేటప్పుడు సాదా పాఠ్యంగానే అతికించాలి. పేర్లను పోల్చేటప్పుడు రెండు వైపులా 8204ను తీసేసి పోల్చి, తెరపై మాత్రం అసలు రూపాన్నే చూపాలి.

చివరి పరీక్ష సులభం. ప్రచురించిన పేజీ నుంచే కోడ్‌ను తిరిగి కాపీ చేసి నడిపి చూడాలి. పాఠకుడి చేతికి చేరేది ఆ కోడే.