ఎముకల ఫోటో

తెల్లవారుజామున బస్సెక్కింది మొదలు అత్తగారు గుక్కెడు నీళ్ళు తాగలేదు. దారిలో ఒంటికి వెళ్ళడానికి చోటు ఉండదని ఆమె భయం. ఆడవాళ్ళందరికీ తెలిసిన భయమే అది.

మూడేళ్ళ కిందట ఆమెకు రొమ్ము కాన్సరు వచ్చింది. ఆపరేషను చేశారు, తగ్గింది. ఇప్పుడు నడుం నొప్పి. రాత్రిళ్ళు నిద్ర లేదు. జబ్బు ఎముకలకు పాకిందేమో చూడాలన్నారు డాక్టరు. అందుకే ఎముకల స్కానింగుకు హైదరాబాదు వచ్చారు. తోడుగా కొడుకూ, కోడలూ వచ్చారు. కోడలికి ఐదో నెల.

నర్సు చేతి నరానికి సూదిమందు ఇచ్చింది.

"పెద్దమ్మా, ఇది టెక్నీషియం మందు. ఎముకల్లో చేరి కిరణాలు వదులుతుంది. మూడు గంటలయ్యాక కెమెరా ఆ కిరణాలను పట్టి ఫోటో తీస్తుంది. అందాకా నీళ్ళు బాగా తాగండి. మాటిమాటికీ ఒంటికి వెళ్ళి రండి."

"కిరణాలా? ఉన్న రోగం చాలదా తల్లీ?" అత్తగారి గుండె ఝల్లుమంది.

నర్సు నవ్వలేదు. పక్కన కూర్చుంది.

"మందంతా ఎముకలకు పట్టదు. సుమారు సగం మూత్రంలో పోతుంది. మీరు ఆపుకుంటే అది మూత్రసంచిలోనే నిలుస్తుంది. ఆ సంచికే కిరణాలు ఎక్కువ తగులుతాయి. పైగా సంచి నిండుగా ఉంటే తుంటి ఎముకలు ఫోటోలో సరిగా కనబడవు."

గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం ఎన్ని నీళ్ళు తాగాలో డాక్టరును అడగాలి.

"మరి ఒంట్లో మిగిలిందో?" కొడుకు అడిగాడు.

"దాని శక్తి రూపాయి అనుకోండి. ఆరు గంటలకు అర్ధరూపాయి. పన్నెండు గంటలకు పావలా. పద్దెనిమిదికి బేడ. రేపు ఈ వేళకు అణా. నీళ్ళు తాగితే ఇంకా త్వరగా తగ్గుతుంది."

భూమి నుంచీ ఆకాశం నుంచీ మనందరికీ రోజూ కొద్దిగా కిరణాలు తగులుతూనే ఉంటాయి. ఈ స్కానింగులో పడేది, అలా రెండేళ్ళలో పడేదానికి కాస్త అటూ ఇటూ. పిల్లలకైతే బరువు చూసి మందు తగ్గిస్తారు. కిరణాలు వచ్చేది మందు నుంచి, కెమెరా నుంచి కాదు. కెమెరా కింద ఎంతసేపు పడుకున్నా అవి పెరగవు. కదలకుండా పడుకుంటే చాలు.

నర్సు కోడలి వైపు తిరిగింది. "నువ్వు బయట కూర్చో అమ్మా. రేపటిదాకా అత్తగారి పక్కన పడుకోకు." కడుపుతో ఉన్నవాళ్ళకూ, పాలిచ్చే తల్లులకూ స్కానింగు రాస్తే, సూది వేయకముందే ఆ సంగతి చెప్పాలి. అడిగేదాకా ఆగకూడదు.

అత్తగారు సీసా ఎత్తింది. మూడు గంటల్లో నాలుగుసార్లు లేచింది.

తిరుగు బస్సులో కోడలు నాలుగు వరుసల ముందు కూర్చుంది. "బస్టాండులో ఆపితే చెప్పరా" అని కొడుకుతో అంటూ అత్తగారు మళ్ళీ నీళ్ళు తాగింది.

మూడోరోజు కాగితం వచ్చింది. నడుం పూసలు అరిగాయి. కాన్సరు జాడ లేదు.