తాజా చేపలో దాగే విషం: సిగువాటెరా

చేపను కొనేవారు మొప్పలు ఎత్తి ఎరుపును పరిశీలిస్తారు. కన్ను మెరుస్తున్నదా అని చూస్తారు. వేలితో నొక్కి కండ బిగువును తెలుసుకుంటారు. తరతరాలుగా వస్తున్న ఈ పరీక్షలు చేప చెడిందా లేదా అన్న విషయాన్ని చక్కగా తెలుపుతాయి. అయితే ఉష్ణమండల సముద్రాలలోని పగడపు దీవులలో, ఈ పరీక్షలన్నిటిలోను నెగ్గిన చేప సైతం మనిషిని మంచాన పడవేయగలదు. ఆ వ్యాధి పేరు సిగువాటెరా. అది కుళ్లు వల్ల గాని, మురికి వల్ల గాని కలిగేది కాదు. సముద్రంలోని సూక్ష్మమైన నాచులో సహజంగా పుట్టే విషమే దానికి మూలం.

పేరు, చరిత్ర

18వ శతాబ్దంలో క్యూబా దీవిలో ‘సిగువా’ అనే సముద్రపు నత్తను తిన్నవారికి కలిగిన అస్వస్థతను బట్టి ఈ పేరు ఏర్పడింది. తరువాత అది చేపల వల్ల కలిగే వ్యాధికి స్థిరపడింది. 1774లో జేమ్స్ కుక్ నడిపిన ‘రిజల్యూషన్’ నౌక నేటి వనువాటు దీవుల వద్ద ఉన్నప్పుడు, నావికులు అక్కడ పట్టిన చేపలను తిని జబ్బుపడ్డారు. నాటి వర్ణన నేటి సిగువాటెరా లక్షణాలతో సరిపోతున్నది.

వ్యాధి కారణం మాత్రం చిరకాలం తెలియలేదు. 1970వ దశకంలో ఫ్రెంచ్ పాలినీసియాకు చెందిన గాంబియర్ దీవులలో తకేషి యసుమోటో, రేమాండ్ బాగ్నిస్ తదితర శాస్త్రజ్ఞులు దాని మూలాన్ని గుర్తించారు. కంటికి కానరాని ఆ ఏకకణ జీవికి ఆ దీవుల పేరు మీదుగానే ‘గాంబియర్‌డిస్కస్’ అని నామకరణం జరిగింది. 1989లో యసుమోటో బృందం ఆ విషపు రసాయన నిర్మాణాన్ని వెల్లడించింది. ఇందుకోసం సుమారు నాలుగు టన్నుల మొరే ఈల్ చేపలను సేకరించగా, లభించిన శుద్ధ విషం అర మిల్లీగ్రాము కూడా లేదు. ఎంత స్వల్ప పరిమాణంలో ఈ విషం మనిషిని బాధించగలదో దీనిని బట్టి ఊహించవచ్చు.

విషం నడిచే దారి

గాంబియర్‌డిస్కస్ పగడపు దిబ్బల మీద, ముఖ్యంగా చనిపోయిన పగడాలను కప్పిన నాచు మీద నివసిస్తుంది. ఆ నాచును మేసే చేపలలోనికి విషం చేరుతుంది. వాటిని పెద్ద చేపలు వేటాడి తింటాయి. బారకుడా, గ్రూపర్, స్నాపర్, మొరే ఈల్ వంటి వేట చేపలు ఏళ్ల తరబడి తింటూ విషాన్ని తమ దేహాలలో కూడబెట్టుకుంటాయి. కండలో కంటె కాలేయంలోను, జనలోను, ఇతర అంతర్భాగాలలోను అది అధికంగా ఉంటుంది. ఇంతటి విషాన్ని మోస్తున్న చేప మాత్రం ఆరోగ్యంగానే కనిపిస్తుంది.

తుఫానుల వల్ల గాని, సముద్రపు వేడిమి వల్ల గాని, నిర్మాణాల వల్ల గాని పగడాలు చనిపోయినచోట నాచు పెరగడానికి అవకాశం కలుగుతుంది. కనుకనే ఒకే దీవికి ఒక పక్కన పట్టిన చేప నిరపాయకరంగాను, మరొక పక్కన పట్టినది ప్రమాదకరంగాను ఉండవచ్చు.

వంటకు లొంగని విషం

ఈ విషానికి రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు. పులుసులో ఎంతసేపు మరిగించినా, నూనెలో వేయించినా, ఉప్పు పట్టించి ఎండబెట్టినా, మంచులో గడ్డకట్టించినా అది నశించదు. ఈగలు వాలని చేప విషపూరితమనీ, విషమున్న చేపను తాకితే వెండి నాణెం నల్లబడుతుందనీ దీవులలో నమ్మకాలున్నాయి. వాటికి ఆధారం లేదు. అక్కడి జాలరులకు నిజంగా ఉపయోగపడుతున్నది వేరొక జ్ఞానం: ఏ దిబ్బ దగ్గర, ఏ జాతి చేపను, ఎంత పరిమాణం మించితే తినరాదు అన్నది.

సిడ్నీ చేపల మార్కెట్టు కూడా ఈ సూత్రాన్నే పాటిస్తున్నది. కొన్ని జాతులను అసలు స్వీకరించదు. కొన్నిటికి పట్టిన ప్రాంతాన్ని బట్టి, బరువును బట్టి పరిమితులు విధిస్తుంది. తెలుగువారు ఇష్టంగా తినే వంజరం జాతి చేప కూడా ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ జలాలలో కొన్నిసార్లు ఈ విషాన్ని మోస్తున్నది. ఇక్కడ దోషం చేప జాతిది కాదు, అది మేసిన చోటుది.

లక్షణాలు

తిన్న కొద్ది గంటలలో, సాధారణంగా ఒక రోజు లోపల, వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి మొదలవుతాయి. తరువాత పెదవులలోను, చేతులలోను, పాదాలలోను తిమ్మిరి, దురద, కండరాల నొప్పి, నీరసం కలుగుతాయి. కొందరికి నాడి మందగిస్తుంది. చల్లని నీటిని తాకితే కాలినట్లు మండడం ఈ వ్యాధికి విశిష్ట లక్షణం. దీనికి విరుగుడు మందు లేదు. లక్షణాలను బట్టి చికిత్స జరుగుతుంది. మరణం అరుదు. అయితే తిమ్మిరి, నీరసం వారాలపాటు, కొందరిలో నెలలపాటు ఉండవచ్చు.

మన తీరంలో

ఈ వ్యాధి దూరదేశాలకే పరిమితం కాదు. 2016లో కర్ణాటకలోని మంగుళూరులో ఎర్ర స్నాపర్ చేపల తలలను వండుకొని తిన్న పలువురు అస్వస్థులయ్యారు. ఆ చేపలలో సిగువాటెరా విషం ఉన్నట్లు పరీక్షలలో తేలింది. భారతదేశంలో లక్షద్వీపాలు, అండమాన్ దీవులు, మన్నారు సింధుశాఖ పగడపు దిబ్బలున్న ప్రాంతాలు. గోదావరి సముద్రంలో కలిసే యానాం పరిసరాలలో అటువంటి దిబ్బలు లేవు. కనుక సముద్రపు చేపలన్నిటినీ మానవలసిన పని లేదు. చేప ఏ నీటి నుండి వచ్చిందో తెలుసుకుంటే చాలు.

గుర్తుంచుకోవలసినవి

1. పెద్ద సముద్రపు చేపను కొనేటప్పుడు అది ఎక్కడ పట్టినదో అమ్మేవారిని అడగాలి.
2. పగడపు దిబ్బల నుండి వచ్చిన పెద్ద వేట చేపల తల, కాలేయం, జన తినరాదు. చవకగా దొరికినా తీసుకోరాదు.
3. చేప తిన్న తరువాత తిమ్మిరి గాని, చల్లదనం మంటగా తోచడం గాని కలిగితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఏ చేప, ఎప్పుడు తిన్నారో వైద్యునికి చెప్పాలి. చెప్పకపోతే దానిని మామూలు విరేచనాల జబ్బుగా భావించే అవకాశముంది.
4. మిగిలిన చేపను పారవేయక, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, ఆహార భద్రతాధికారులకు తెలియజేయాలి. అదే చేపను తిన్న ఇరుగుపొరుగువారికి కూడా చెప్పాలి.
5. కోలుకునే కాలంలో మద్యం, చేపలు మానివేయాలి. అవి లక్షణాలను తిరిగి రేకెత్తించవచ్చు.