ఏ బండి లాభం?

హిందూపురం చింతపండు మార్కెట్‌కు పేరు. ధర్మవరం పట్టుచీరలకు పేరు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. ఈ దోవల్లో పెద్ద బండ్లు, చిన్న బండ్లు తిరుగుతుంటాయి. ఏది లాభం?

ఒక లీటరుకు బండి ఎన్ని కిలోమీటర్లు పోతుందో అదే మైలేజీ.

లెక్క చేద్దాం. పల్లె నుంచి హిందూపురానికి పోను, రాను 60 కిలోమీటర్లు అనుకుందాం.

పికప్ బండి లీటరుకు 10 కిలోమీటర్లు పోతే:
60 ÷ 10 = 6 లీటర్లు.

హైబ్రిడ్ కారు లీటరుకు 20 కిలోమీటర్లు పోతే:
60 ÷ 20 = 3 లీటర్లు.

హైబ్రిడ్ కారులో పెట్రోలు ఇంజనుతో పాటు బ్యాటరీ, కరెంటు మోటారు ఉంటాయి. బ్రేకు వేసినప్పుడు వృథాగా పోయే శక్తి కొంత కరెంటుగా మారి బ్యాటరీలో చేరుతుంది. అందుకే పెట్రోలు ఆదా.

"అయితే కారే మేలు!" అంది పొదుపు సంఘంలో ఒకామె.

"కారులో మూటలెన్ని పడతాయక్కా?" అంది ఇంకొకామె.

"రెండు."

"పికప్‌లో ఇరవై పడతాయి. అన్ని మూటలకు కారు పదిసార్లు తిరగాల. 30 లీటర్లు కావాల!"

డీజిల్ లీటరు 100 రూపాయలు అనుకుందాం. 6 లీటర్లకు 600 రూపాయలు.

20 మూటలు వేస్తే మూటకు 30 రూపాయలు.
4 మూటలే వేస్తే మూటకు 150 రూపాయలు!

బరువు పెరిగితే డీజిల్ కొంత ఎక్కువ తాగుతుంది. అయినా మూటకు పడే ఖర్చు తగ్గుతుంది.

ఆ సంఘం వాళ్లు వేరువేరుగా తోలడం మానేశారు. అందరి చింతపండూ ఒకే బండికి ఎత్తారు.

నలుగురు మనుషులే పోవాలంటే? పికప్ దండగ. చిన్న కారో, బస్సో మేలు.

చేసి చూడండి: మూటలు 12 అయితే మూటకు డీజిల్ ఖర్చు ఎంత?